పలనాటి చెవికి మాసిడోనియను పలుకు



నరసరావుపేట మొదలుకొని గురజాల, మాచర్లల వరకు పలనాటిసీమలో ఈ ప్రసంగమును వినుచున్న పెద్దలకును, ముఖ్యముగా కళాశాలలలో చదువుకొనుచు ఇంగ్లీషు తరువాత మరియొక విదేశభాషను నేర్చుకొందమా యని తలపోయుచున్న యువతీయువకులకును నేడు నేను పరిచయము చేయబూనిన భాష మాసిడోనియను. బాల్కను ద్వీపకల్పమున, సముద్రతీరము లేని ఒక చిన్న పర్వతదేశమున, ఇరువది లక్షలకు మించని జనాభాలో అధికసంఖ్యాకులు మాటలాడుకొను భాష యిది. ఫ్రెంచి నేర్చినచో, జర్మను నేర్చినచో బ్రతుకుదెరువు దొరకవచ్చును గాని దీనివలన ప్రయోజనమేమని అడుగువారు తప్పక యుందురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి నా సమాధానమిది: పరభాష వాకిట వట్టిచేతులతో నిలుచువాడు తెలుగువాడు కాడు, ధ్వనులలో కొంత, పదములలో కొంత, వాక్యమును పలుకు తీరులో కొంత వానియొద్ద ముందే యున్నది. ఉన్నదానిని గుర్తించుటయు, లేనిదానిని మాత్రము శ్రమించి సంపాదించుకొనుటయు ఆరంభకుని నేర్పు. ఈ నేర్పును అలవరచుకొనుటకు మాసిడోనియను మిక్కిలి అనువైన భాష.

పరభాషల రాకపోకలు మన సీమకు క్రొత్తవి కావు. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ లోయలో, ఇక్ష్వాకుల కాలమున, అనగా దాదాపు పదునేడువందల యేండ్ల క్రిందట, సింహళదేశపు భిక్షువుల కొరకు ఒక విహారమే వెలసినది. ఆ లోయలోని విజయపురి నగరవీథులలో ఆనాడు ఎన్ని దేశముల పలుకులు వినిపించెనో ఊహింపవచ్చును. అంత వెనుకకు పోనక్కరలేదు. జర్మనీలోని హెల్మ్‌స్టెట్ అను ఊరిలో 1793లో జన్మించి, బాల్యము గడచుసరికి అమెరికాకు వలసపోయి, 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరను మతబోధకుడు ఫాదర్ హేయర్, 1849లో మన గురజాలకు వచ్చి నివసించెను. గుంటూరున అడుగుపెట్టునాటికి ఆయనకు నలుబదితొమ్మిది సంవత్సరములు. జర్మను మాతృభాషగా పెరిగి, ఇంగ్లీషు మాటలాడు దేశమున జీవించి, ఏబదికి చేరువైన ప్రాయమున తెలుగువంటి భాషలో అక్షరాభ్యాసము చేసికొని, పలనాటి పల్లెలలో జనులతో మాటలాడగలిగిన ఆ మనుష్యుని ఉదాహరణము కన్నులయెదుట నుండగా, వయసు మీరినదనియో, మనది మారుమూల ఊరనియో పరభాషాభ్యాసమునకు వెనుదీయుట మనకు తగదు. నాడు గురజాలకు వచ్చినవాడు తెలుగు నేర్చెను. నేడు గురజాలలో ఉన్నవాడు అక్కడనే యుండి ఎంత దూరదేశపు భాషనైనను ఆరంభింపవచ్చును.

ఇక భాషను గురించి. మాసిడోనియా యనగానే మనకు అలెగ్జాండరు జ్ఞప్తికి వచ్చును. ఆయన కాలపు భాషకును నేటి ఈ భాషకును సంబంధము లేదు. క్రీస్తుశకము ఆరవ, ఏడవ శతాబ్దములలో బాల్కనులకు వచ్చి స్థిరపడిన స్లావు జాతుల పలుకునుండి వచ్చినది నేటి మాసిడోనియను. బల్గేరియనునకు మిక్కిలి దగ్గరిచుట్టము, సెర్బియనునకును బంధువు. తొమ్మిదవ శతాబ్దమున సిరిల్, మెథోడియస్ అను సోదరులు థెస్సలొనీకి ప్రాంతపు స్లావు పలుకును ఆధారముగా గొని మతగ్రంథములను అనువదింపగా, వారి శిష్యుడైన క్లెమెంటు ఓహ్రిద్ సరస్సు చెంత పాఠశాల నెలకొల్పి ఎందరికో చదువు చెప్పెను. ఇంతటి ప్రాచీనవారసత్వము ఉన్నను, నేటి గ్రాంథికరూపము ఈ భాషకు మొన్నమొన్న గాని సమకూడలేదు. 1903లో క్ర్‌స్తె మిసిర్కోవ్ అను పండితుడు, దేశమధ్యమున జనులు మాటలాడు మాండలికములను పునాదిగా చేసికొని తమకొక సాహిత్యభాషను నిర్మించుకొనవలెనని సోఫియాలో ఒక గ్రంథము ప్రకటించెను. ఆ కోరిక నెరవేరుటకు నాలుగు దశాబ్దములు పట్టినది. 1944 ఆగస్టు 2న ఈ భాష రాజభాషగా ప్రకటితమైనది. 1945 మే 5న వర్ణమాలయు, జూన్ 7న లేఖననియమములును ఆమోదము పొందినవి. 1952లో బ్లాజె కోనెస్కి రచించిన వ్యాకరణము యొక్క ప్రథమభాగము వెలువడినది. కవియు వైయాకరణుడును ఒక్కడే యగుట ఆ భాష చేసికొన్న పుణ్యము.

అక్షరములకు వత్తము. సిరిలిక్ లిపిలో వ్రాయబడు ఈ వర్ణమాలలో 31 అక్షరములు కలవు. వానిలో అచ్చులు ఐదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. ఒక అక్షరమునకు ఒకే ధ్వని, ఒక ధ్వనికి ఒకే అక్షరము. వ్రాసినట్లు చదువుట, చదివినట్లు వ్రాయుట. ఇంగ్లీషు వర్ణక్రమముతో విసిగిన మన విద్యార్థికి ఇది పుట్టింటికి వచ్చినంత నెమ్మదిని కలిగించును. మరియు, మనకు చాలు, చాప అనునప్పుడు పలుకు దంత్యచకారమును, చిలుక, చెరువు అనునప్పుడు పలుకు తాలవ్యచకారమును వేరువేరుగా నున్నవి; అట్లే జాము లోని దంత్యజకారము వేరు, జీతము లోని తాలవ్యజకారము వేరు. మనము ఒకే అక్షరముతో వ్రాసికొను ఈ జంటలకు మాసిడోనియనులో వేరువేరు అక్షరములు కలవు. ఇతరదేశీయులు నాలుక మడచి అభ్యసింపవలసిన ధ్వనులను పలనాటి బాలుడు పుట్టుకతోనే పలుకుచున్నాడు. త, ద లను కూడ వారు మనవలెనే పండ్లకు నాలుక తాకించి పలుకుదురు. కావున ఇంగ్లీషు పుస్తకముద్వారా నేర్చువారు ఇంగ్లీషు అలవాటున ట, డ లను అచ్చట చొప్పింపరాదు.

మన వ్యాకరణములు ఋకారమును అచ్చుగా పరిగణించును గాని మన నోట అది రుకారముగానే వెలువడుచున్నది. మాసిడోనియనులో రేఫము నిజముగానే అచ్చుయొక్క స్థానమున నిలుచును. హృదయమునకు వారి మాట ‘సృత్సె’, మృత్యువునకు ‘స్మృత్’, మొదటి యను అర్థమున ‘పృవ్’. వీనిలో రేఫమునకు ముందుగాని వెనుకగాని వేరొక అచ్చు లేదు; నాలుక కొన కంపించుటయే అచ్చు. వేదపాఠము విన్న చెవికి ఇది అపరిచితము కాజాలదు. మనకు లేని ధ్వనులును కొన్ని యున్నవి. ఇంగ్లీషు జీబ్రాలోని మొదటి ధ్వనియు, క్యకార త్యకారముల నడుమ నిలుచు ఒక మృదుధ్వనియు, దానికి జతయైన గ్యకారమువంటి ధ్వనియు అట్టివి. వీనిని పుస్తకము చూపజాలదు. ఆ దేశపు ఆకాశవాణిని విని విని పట్టుకొనవలెను.

ధ్వనులకు తరువాత ఊనిక. ఈ భాషలో ఊనికకు ఒక్కటే సూత్రము: పదాంతమునుండి వెనుకకు లెక్కింపగా మూడవ అక్షరముపై ఊనిక నిలుచును, పదమున రెండే అక్షరములున్నచో మొదటిదానిపై నిలుచును. నీటిమర యను అర్థమున ‘వొదేనిత్స’ అను మాట యున్నది. అందు ‘దే’ పై ఊనిక. ఆ మరను నడపువాడు ‘వొదేనిచర్’. ఇచ్చటను ‘దే’ పైననే. ఆ మరవాడు అని నిర్దేశించినచో ‘వొదెనీచరొత్’. ఊనిక ‘నీ’ పైకి జరిగినది. ఆ మరవాండ్రు అన్నచో ‘వొదెనిచారితె’. ఇప్పుడది ‘చా’ పైకి వచ్చినది. పదమునకు ప్రత్యయము చేరినకొలది ఊనిక ఒక్కొక్క అక్షరము ముందుకు నడచుచు, అంతమునుండి మూడవ స్థానమును మాత్రము విడువదు. ఈ నాలుగు మాటలను బిగ్గరగా పదేపదే పలికినవానికి ఈ భాషయొక్క నడక పట్టుబడును.

ఇప్పుడు పదములు. ఒకటినుండి పది వరకు వినుడు: ఏదెన్, ద్వా, త్రి, చేతిరి, పేత్, షేస్త్, సేదుమ్, ఓసుమ్, దేవెత్, దేసెత్. ద్వి, త్రి, చతుర్, షట్, సప్త, అష్ట, నవ, దశ అను సంస్కృతసంఖ్యలు వీని వెనుక నీడవలె కనబడుటలేదా? సంస్కృతమును స్లావు భాషలును ఒక మహాకుటుంబపు శాఖలగుటయే దీనికి కారణము. తెలుగు ఆ కుటుంబమునకు చెందినది కాకున్నను, తత్సమములద్వారా ఆ సొత్తు మన యింటికి చేరినది. భ్రాత వారికి ‘బ్రాత్’, కోడలు, అనగా స్నుష, వారికి ‘స్నా’, విధవ ‘వ్దోవిత్స’. అగ్ని ‘ఓగన్’, ఉదకము ‘వోద’, నభస్సు ‘నేబొ’, దినము ‘దెన్’, మాసము ‘మేసెత్స్’, మధువు ‘మెద్’, నాసిక ‘నోస్’, నవమైనది ‘నోవ్’. ఉండుట యను క్రియను చూడుడు. నేను, నీవు, ఆతడు, మేము, మీరు, వారు అను క్రమమున దాని రూపములు సుమ్, సి, ఎ, స్మె, స్తె, సె. సంస్కృతమున అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సన్తి అని చదివినవాడు ఈ ఆరు రూపములను కంఠస్థము చేయుటకు ఒక సాయంకాలము చాలును.

వ్యాకరణమున ఆరంభకునికి దొరకు గొప్ప ఊరట, నామవాచకములకు విభక్తిరూపములు దాదాపు లేకుండుట. రష్యనులోను, సెర్బియనులోను విద్యార్థిని వేధించు విభక్తులన్నియు ఇచ్చట అంతరించి, సంబోధనారూపములు కొన్ని మాత్రము మిగిలినవి. దానికి బదులుగా ఈ భాషకొక ప్రత్యేకాలంకారము కలదు. ఇంగ్లీషులో పదమునకు ముందు వచ్చు నిర్దేశకము ఇచ్చట పదాంతమున అతుకుకొనును. అదియు ఒకటి కాదు, మూడు. ‘క్నీగ’ యనగా పుస్తకము. ‘క్నీగవ’ అన్నచో నా చెంతనున్న ఈ పుస్తకము. ‘క్నీగన’ అన్నచో దూరముననున్న ఆ పుస్తకము. ‘క్నీగత’ అన్నచో మనకిరువురకును తెలిసిన ఆ పుస్తకము. ప్రత్యయములను పదముల వెనుక చేర్చుట అలవాటైన మన నాలుకకు ఇది కష్టము కాదు. క్రియ చివరనే పురుష తెలియుటవలన కర్తను విడిచి పలుకుటయు మనవలెనే: ‘చీతమ్’ అన్నచో చదువుచున్నాను, ‘చీతమె’ అన్నచో చదువుచున్నాము.

కష్టములు లేకపోలేదు. తెలుగున లింగము అర్థమును బట్టి ఏర్పడును; అచ్చట రాయి పుంలింగము, నది స్త్రీలింగము, చెట్టు నపుంసకము. అయినను హల్లుతో ముగిసినది పుంలింగమనియు, అకారముతో ముగిసినది స్త్రీలింగమనియు, ఒకార ఎకారములతో ముగిసినది నపుంసకమనియు చాలవరకు చెప్పవచ్చును గనుక సంస్కృతమునకంటె ఇది సుకరము. ఇంతకంటె కఠినమైనది క్రియలలోని జంటతనము. కొనుచుండుట ఒక క్రియ, కొని ముగించుట మరియొక క్రియ; ‘కుపువ’ మొదటిది, ‘కూపి’ రెండవది. ప్రతి క్రియను దాని జంటతో కూడ నేర్చుకొనవలెను. ఇచ్చట తొందరపడక, వాక్యములలో విని విని అలవాటు చేసికొనుట మేలు.

ఈ భాషలో తెలుగువాని మనస్సును ఆనందపరచు విశేషము మరియొకటి కలదు. ఆతడు వచ్చుట నేను కన్నులార చూచితినేని ‘తోయ్ దోయ్దె’ అందును. పరులు చెప్పగా వింటినేని సాధారణముగా ‘తోయ్ దోషొల్’ అందును. వచ్చెను, వచ్చెనట అని మనము పాటించు భేదమే యిది. ఇంగ్లీషువాడు ఈ తేడాను తెలుపుటకు వేరొక వాక్యమును చేర్చుకొనవలెను. మాసిడోనియనుడు క్రియారూపమునే మార్చును. మనము ‘అట’ అను మాటను తగిలింతుము. వారి అవ్వలు పిల్లలకు కథ చెప్పునప్పుడు ‘సి బిల్ ఏదెన్ త్సార్’ అని ఆరంభింతురు. అనగనగా ఒక రాజుండెనట! చూడనిదానిని చూచినట్లు చెప్పరాదను సత్యనిష్ఠ ఈ రెండు భాషలలోను వ్యాకరణమున చేరినది. ఎన్ని పాఠ్యపుస్తకములు పుటలకొలది వివరించినను పాశ్చాత్యవిద్యార్థికి చిక్కని ఈ సూక్ష్మము, పలనాటి రచ్చబండపై కూర్చుండి కబుర్లు వినిన మనవానికి ఒక్క మాటతో బోధపడును.

మర్యాదలలోను సామ్యము కలదు. చనువున్నవానిని ‘కాకొ సి?’ అని, పెద్దలను, పరిచయము లేనివారిని ‘కాకొ స్తె?’ అని కుశలమడుగుదురు. మన నీవు, మీరు అనువాని వంటివే ఇవి. నమస్కారమునకు ‘జ్ద్రావొ’, పగటివేళ ‘దోబర్ దెన్’, దయచేసి అనుటకు ‘మోలమ్’, కృతజ్ఞత తెలుపుటకు ‘బ్లగోదరమ్’. అంగడిలో ‘కోల్కు చీని?’ అన్నచో వెల యెంత యని. వీనియన్నిటికంటె ఆరంభకునికి విలువైన వాక్యము ‘ష్తొ ఎ ఓవ?’, అనగా ఇది ఏమిటి? ఈ ప్రశ్న నోటనున్నవానికి ఎదుటివాడే నిఘంటువగును. శరత్కాలమున ఆ దేశపు పల్లెలలో ఎఱ్ఱని తీపిమిరపకాయలను నిప్పులపై కాల్చి, పొట్టు ఒలిచి, మెత్తచేసి, నూనెతో పెద్ద పాత్రలలో గంటలతరబడి ఉడికించి, శీతకాలమునకై సీసాలలో నింపుకొందురు. దాని పేరు ‘ఆయ్వర్’. మిరపకల్లములనడుమ పెరిగి, పండుమిరపకాయలతో కొరివికారము నూరుట ఎఱిగిన మన యువతి ఆ పెరటిలో నిలిచి ‘ష్తొ ఎ ఓవ?’ అని ఒక్కొక్క వస్తువును చూపి అడిగినచో, మిరపకాయ, నిప్పు, ఉప్పు, నూనె, పాత్ర అను మాటలన్నియు వాసనతో, రంగుతో కూడ ఆమెకు వశమగును. అట్లు నేర్చిన మాట మరపునకు రాదు.

భాషవెంట దాని పాటలును వచ్చును. కారెంపూడిలో ఏటేట పలనాటి వీరుల ఉత్సవము జరుగుటయు, వీరవిద్యావంతులు వారి కథను పాడుటయు, శ్రీనాథకృతముగా చెప్పబడు ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము గారు పరిష్కరించి 1911లో ప్రకటించుటయు మీరెఱుగుదురు. అట్లే మాసిడోనియాలో ప్రిలెప్ నగరమును ఏలి, 1395లో యుద్ధమున కూలిన మార్కో రాజును గూర్చియు, శారెత్స్ అను ఆయన గుఱ్ఱమును గూర్చియు జనులు శతాబ్దములుగా పాడుకొనుచున్నారు. స్త్రుగా పట్టణమున జన్మించిన మిలాదినోవ్ సోదరులు ఇట్టి జానపదగేయములను ఊరూర సేకరించి 1861లో జాగ్రెబ్ నగరమున అచ్చువేయించి, మరుసటి యేడు కాన్‌స్టాంటినోపిల్ చెరసాలలో ప్రాణములు కోల్పోయిరి. ఆ స్త్రుగాలోనే 1962నుండి ఏటేట కవితోత్సవము జరుగుచున్నది. 1983లో దాని స్వర్ణమాలను మన హిందీకవి అజ్ఞేయ అందుకొనెను. వీరగాథలు వినుచు పెరిగిన సీమవారికి మార్కో పాటలను మూలమున వినవలెనను కుతూహలము పుట్టుట సహజము. ఆ కుతూహలము పుట్టినచో వ్యాకరణము బరువనిపింపదు.

చివరకు అభ్యాసపద్ధతి. ఈ విషయమున మనకు గురుస్థానమున నిలువదగినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, లిపియు గ్రంథములును లేని సవరభాషను ఆ కొండజాతివారి నోటినుండియే విని నేర్చి, వారి పిల్లలకు వాచకములు కూర్చి, 1931లో ఆ భాషకు వ్యాకరణగ్రంథమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. పుస్తకమే లేనిచోట ఆయన చెవియొక్క బలముచేత అంత సాధించియుండగా, నేడు వర్ణమాల, వ్యాకరణము, నిఘంటువు, ఆకాశవాణి అన్నియు ఇంటనుండియే అందుకొనగల మనకు సాకు లేదు. ముందు వినుడు, విన్నదానిని బిగ్గరగా పలుకుడు, పలికినదానిని వ్రాయుడు, వ్రాసిన ప్రతి మాట ప్రక్కను, దానికి చుట్టమైన తత్సమమున్నచో దానిని గూడ వ్రాసికొనుడు. మొదటి వారమున 31 అక్షరములు, పది సంఖ్యలు, ఉండుట యను క్రియయొక్క ఆరు రూపములు. రెండవ వారమున కుశలప్రశ్నలును, ఇంటిలోని వస్తువుల పేర్లును. ఆ తరువాత రోజునకు రెండు వాక్యములు. ఇంతకుమించి తొలినాళ్లలో ఆశింపవలదు, ఇంతకు తగ్గవలదు. ఒంటరిగా అభ్యసించుటకంటె కళాశాలలో ఇద్దరు ముగ్గురు మిత్రులు కూడి ఒకరినొకరు ప్రశ్నించుకొనుట శ్రేయస్కరము. మాట యన్నది ఇరువురు కలిసినగాని పుట్టదు.

తెలుగుతో పాటు ఒక భాషయైనను, పరీక్షకొరకు గాక ఇష్టముచేత నేర్చిన యువకులు పలనాట ఊరికొకరున్నచో మన సీమ ఎంతయో ఎదుగును. మీకు మాసిడోనియనే రుచింపవలెనను నిర్బంధము నాకు లేదు. రుచించినచో రేపే అక్షరములను దిద్దుకొనుడు, మరియొకటి రుచించినచో దానినే చేపట్టుడు. ఏ భాషను చేపట్టినను, మీ తెలుగును, తెలుగులో మీకబ్బిన సంస్కృతమును వెంటబెట్టుకొని పొండు.